అత్తకి విమానంలో చెప్పిన సినిమాలు

మా అత్త నూకాలమ్మ మెట్ల మీద ఎదురొచ్చిన ఊ మ్యింట్‌ని చూసి నేననుకుని, "తిని తొంగోడమే గానీ ఒక బిందె నీల్లు మోసిన పాపాన పోవేట్రా" అని తిట్టిన రోజున, ఇక ఆవిడ కంటి ఆపరేషన్ వాయిదా వెయ్యడానికి వీల్లేదని మా మేడ మొత్తం తీర్మానించింది. ఊ మ్యింట్ మా పై అంతస్తులో ఉండే రిటైరైన హెడ్మాస్టరు. ఆయనకి తెలుగు ముక్క రాదు. అయినా తిట్టు అందినట్టుంది. పాపం, వెళ్ళి నిజంగానే ఒక బిందె నీళ్ళు తెచ్చి మా గుమ్మంలో పెట్టాడు.

మాది రంగూన్. బోర్డుల మీద యాంగోన్ అని రాస్తారు గానీ మా ఇళ్ళలో ఇంకా రంగూనే. రైల్వే స్టేషన్‌కి దగ్గర్లో, మింగళ తౌంగ్‌న్యున్‌లో మా వాటా. మా ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి, ఇక్కడి రేవులో మూటలు మొయ్యడానికొచ్చాడు. అన్ని మూటలు మోసినవాడు మాకోసం ఒక్కటి కూడా దాచలేదు. నాకు ఫ్యాన్లూ మిక్సీలూ బాగుచేసే కొట్టుంది. రోజులో సగం కరెంటు లేని ఊళ్ళో ఫ్యాన్లు బాగుచేసేవాడి వ్యాపారం ఎంత జోరుగా ఉంటుందో మీరే ఊహించుకోండి.

అత్త అంటే మా నాన్న చెల్లెలు. మా ఇంట్లోనే ఉంటుంది. ఆవిడ కూతురు పోయాక మనవడు శంకర్ని ఆవిడే పెంచింది. సైన్యం గద్దెనెక్కిన ఏడాది కుర్రాళ్ళంతా రోడ్ల మీదికొస్తే శంకరూ వెళ్ళాడు. తర్వాత కుర్రాళ్ళు ఇళ్ళలో ఉండలేని రోజులొస్తే, సరిహద్దు దాటి థాయ్‌లాండ్‌లోని మేసోట్ చేరి, మోటారు సైకిళ్ళ గ్యారేజీలో పనికి కుదిరాడు. వాడి పేరు మార్చి రాస్తున్నాను. గ్యారేజీ పేరు అసలే రాయను. అత్త కళ్ళు చూసే డాక్టరు కూడా ఆ ఏడాదే సమ్మెలోకి వెళ్ళిపోయాడు. ఇప్పుడెక్కడున్నాడో ఎవరికీ తెలీదు. మిగిలిన ఆస్పత్రుల్లో వరస ఎప్పటికొస్తుందో అంతకన్నా తెలీదు. వైజాగులో మా మేనమామ కొడుకు సూరిబాబు ఉన్నాడు. "తీసుకొచ్చీ బావా, ఇక్కడ పావుగంట పని" అన్నాడు ఫోన్లో. ఆ పావుగంట పనికి వీసా, రెండు విమానాలు, ఒక రైలు పట్టాయి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఏడో క్లాసులో నేనూ బడీ ఒకళ్ళనొకళ్ళు వదిలించుకున్నాం. ఆ తర్వాత ఒక వీడియో హాల్లో పనిచేశాను. ఇంగ్లీషు సినిమా ఆడుతుంటే టీవీ పక్కన నిలబడి, ఏం జరుగుతోందో బర్మీస్‌లో జనానికి చెప్పడం నా పని. నాకు ఇంగ్లీషు రాదు. జనానికీ రాదు. అందుకని ఎవరికీ ఏ ఇబ్బందీ కలగలేదు. హాలు మూతపడ్డాక ఆ విద్య మూలన పడింది. మళ్ళీ ఇంటర్నెట్ కోసేసి, కర్ఫ్యూ పెట్టి, కరెంటు తీసేసిన రోజుల్లో బయటికొచ్చింది. సాయంత్రం మా మేడ మెట్ల మీద కొవ్వొత్తి పెట్టుకుని పాత సినిమాలు చెప్పేవాణ్ణి. ఊ మ్యింట్ కూడా వచ్చి కూర్చునేవాడు. అందరికన్నా ముందు వరసలో అత్త. ఆవిడకి ఓడలు మునగాలి, కొండలు పగలాలి, హంతకుడు తలుపు వెనకాల నక్కి ఉండాలి. ఏడుపు సినిమాలు మొదలెడితే లేచి వెళ్ళిపోయేది.

బయలుదేరిన రోజు పొద్దున్నే వీధి చివర మొహింగా తిన్నాం. చేపల పులుసులో సేమ్యా లాంటిదనుకోండి, ప్రయాణానికి కడుపులో బరువుగా కూర్చుంటుంది. అత్త కొత్త నేత చీర కట్టి, బుగ్గలకి తనకా చెక్క అరగదీసిన గంధం దట్టంగా పూసింది. మింగళాడోన్ విమానాశ్రయానికి టాక్సీలో గంట పట్టింది. దారిలో రెండు చోట్ల ఆపి సామాను చూశారు. వచ్చేవాళ్ళకి నా సలహా: విమానానికి నాలుగు గంటల ముందు బయలుదేరండి, డ్రైవరుతో రాజకీయాలు మాట్లాడకండి, వాడే మొదలెడితే నిద్ర నటించండి.

పదిన్నరకి సింగపూర్ విమానం లేచింది. అత్తది మధ్య సీటు. కిటికీ పక్క మా ఖిన్ అనే అమ్మాయి. ఈ 'మా' మన 'మా' కాదు, బర్మాలో ఆడపిల్లల పేర్ల ముందు తగిలించేది. సింగపూర్‌లో ఒకళ్ళింట్లో పిల్లల్ని చూసుకునే పని, సెలవుకొచ్చి తిరిగి వెళుతోంది. సీటు వెనక ఉన్న చిన్న టీవీ వెలగగానే అత్త చేత్తో తడిమింది.

"ఇదేట్రా అప్పన్నా, తెల్లగా కనపడతాంది?"

"సినిమా అత్తా. ఇక్కడ కరెంటు పోదు."

"అయితే పెట్టు. సెప్పు."

బొమ్మలు వెతికి ఒకటి పెట్టాను. పెద్ద ఆనకట్ట, దానికో పగులు, ఆ పగులు పెంచడానికి లోపల దూరిన ఒక దుర్మార్గుడు, దిగువన పట్నం. అత్తకి కావలసినవన్నీ ఒకే దుకాణంలో దొరికాయి. ఆవిడ చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టి, ఒక చెవి మీది ముక్క పైకెత్తి అందులో చెప్పడం మొదలుపెట్టాను. ఒక చెవిలో ఢమాలుమని మోత, రెండో చెవిలో నేను. గంటసేపు ఆవిడ సీటు చేతులు పట్టుకుని ఊపిరి బిగబట్టింది. నీళ్ళు వచ్చేశాయంటే కాళ్ళు పైకి పెట్టేసుకుంది. భోజనం తెచ్చిన అమ్మాయిని, "ఉండమ్మా, ఊరు ములిగిపోతాంది" అని తెలుగులోనే పంపించేసింది.

మా ఖిన్ ఇటు తొంగి చూస్తోంది. ఆ పిల్లకి ఇంగ్లీషు వచ్చు, నా బర్మా తెలుగు కూడా సగం అర్థమవుతున్నట్టుంది. ఆనకట్ట కాపలా తాత గేటు తిప్పడానికి నీళ్ళలోకి దూకి మళ్ళీ పైకి రాలేదు. నేను అత్త చెవి మీది ముక్క దించగానే ఆ అమ్మాయి నా వైపు వంగి బర్మీస్‌లో మెల్లిగా అడిగింది.

"అన్నా, ఆ తాత చచ్చిపోయాడు కదా. నువ్వేమో ఒడ్డు మీద టీ తాగుతున్నాడంటున్నావు?"

"మా వైపు ఇంకా బతికే ఉన్నాడు తల్లీ."

"ఆ ఇంజనీరు పెళ్ళాం?"

"ఆవిడకి కొంచెం జలుబు చేసింది."

పిల్ల దుప్పటి నోట్లో కుక్కుకుని నవ్వింది. నేను అబద్ధం చెప్పలేదు. నేను చెప్పే సినిమాల్లో ఎవరూ చావరు, అది నా పద్ధతి. వీడియో హాలు రోజుల్లో చంపేవాణ్ణి, ధారాళంగా. మా వీధిలోకి నిజంగా తుపాకులొచ్చి, ఎదురింటివాళ్ళ కుర్రాడు పొద్దున్న పాలకి వెళ్ళి రాకపోయాక, మెట్ల మీద కూర్చున్నవాళ్ళ మొహాలు చూసి మానేశాను. ఓడ మునుగుతుంది, మనుషులు చెక్క పట్టుకుంటారు. కొండ పగులుతుంది, మనుషులు పక్క ఊరికెళతారు. అంతే. ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు.

సింగపూర్‌లో విమానం మారి రాత్రికి హైదరాబాదు, మర్నాడు పొద్దుటి రైలెక్కి సాయంత్రానికి వైజాగ్. రైల్లో ఎదురు సీటు పెద్దాయన అత్త బుగ్గల మీది తనకా చూసి, "ఏ గుడి ప్రసాదమమ్మా?" అని భక్తిగా అడిగాడు. అత్త ఆయనకీ కొంచెం పూసింది. ఆయన దిగేవరకూ తుడుచుకోలేదు.

మూడు వారాల్లో రెండు కళ్ళూ అయిపోయాయి. పావుగంట పనే, సూరిబాబు చెప్పింది నిజం. మొదటి కన్ను కట్టు విప్పాక అత్త నన్ను పైనుంచి కిందికి చూసింది. ఏళ్ళ తర్వాత చూస్తోంది కదా, కళ్ళనీళ్ళు పెట్టుకుంటుందని నేను తయారుగా ఉన్నాను.

"బొజ్జేట్రా అది? ఎప్పుడొచ్చినాదిరా నీకు?"

రెండో కన్నూ కుదురుకున్నాక సూరిబాబు మమ్మల్ని కైలాసగిరి తీసుకెళ్ళాడు. తీగ మీద వేలాడే పెట్టెలో కూర్చుని కొండెక్కితే కింద సముద్రమంతా పరుచుకుని ఉంది. అత్త గాజుకి ముక్కు ఆనించి చూసింది. దిగాక ఇంకోసారి ఎక్కుదామంది. మూడోసారికి సూరిబాబు తలనొప్పని బెంచీ మీద కూర్చున్నాడు.

వైజాగులో ఒక్క సంగతి నన్ను తినేసింది. శంకరు నాకు ఎప్పుడూ రాతలో కబురు పంపేవాడు. మాట్లాడితే ఎవరు వింటారో అని భయం. నేను చదివి అత్తకి చెప్పేవాణ్ణి. ఈసారి వైజాగ్ నుంచి నేను పంపిన కబుర్లకి జవాబు లేదు. ఫోను చేస్తే మోగదు. అత్త రోజూ అడిగేది, నేను రోజూ చెప్పేవాణ్ణి: బాగున్నాడట, అన్నం తిన్నాడట, వానలట. నోటికి అలవాటైన పని.

తిరుగు ప్రయాణం హైదరాబాదు నుంచి. పొద్దున్న పదకొండింటికి విమానం లేచింది. కర్ఫ్యూ వల్ల రంగూన్‌లో పగలే దిగాలి కాబట్టి ఆ రాత్రి సింగపూర్ విమానాశ్రయంలో గడిపి, మర్నాడు రెండో విమానం ఎక్కాలి. అత్త ఈసారి కిటికీ సీటు లాక్కుంది. నల్లద్దాలు తీసి, కొత్త కళ్ళద్దాలు పెట్టుకుని, తనే వేలితో నొక్కుతూ ఒక సినిమా ఎంచుకుంది. బొమ్మ మీద నిప్పులు కక్కే కొండ, దాని మీదుగా తీగ, తీగ మీద పెట్టె.

"ఇది మన సూరిబాబు ఎక్కించినాది కదరా!"

పెట్టెలో పదిమంది. కొండ ఉరుముతోంది, తీగ ఒక్కో పోగే తెగుతోంది. నేను చెవి దగ్గర చేరి మొదలుపెట్టాను. అత్త సరే అంది గానీ కళ్ళు తెర మీంచి కదల్లేదు. పెట్టెలో ఒక లావుపాటి వంటాయన ఉన్నాడు. బరువు తగ్గితే మిగిలినవాళ్ళు గట్టెక్కుతారని, పిల్లకి తన టోపీ పెట్టి, తలుపు తీసి దూకేశాడు.

"దూకీసినాడు!"

"కింద చెట్టు పట్టుకున్నాడత్తా. చింతచెట్టు."

అత్త తల తిప్పి నన్ను చూసింది.

"సెట్టేటిరా? కింద నిప్పులున్నాయి. నాను సూత్తన్నాను కదా."

నిప్పులున్న మాట నిజం. తెర నిండా ఎర్రగా ఉన్నాయి. అత్త తెర మీద వేలు పెట్టి సినిమా ఆపింది. వంటాయన గాల్లో ఆగిపోయాడు.

"ఆ డేము సినిమాలో ముసిలోడు?"

"టీ తాగి..."

"అప్పన్నా."

"పోయాడత్తా."

"ఓడలోని ఆ ముగ్గురూ?"

"పోయారు."

"ఒలమ్మ! ఇన్నేల్లూ నాకు ఒక్కడ్ని సంపకుండా సినిమాలు సెప్పినావేట్రా? ఎంతమందిని బతికించినావురా, నీ నోరు పడ!" అని ముందు నవ్వేసింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు సగంలో ఉండగానే ఆవిడ మొహం మారిపోయింది.

"మరి సెంకరు గాడు?"

ముందు వరసలో ఎవరో తుమ్మారు. నేను నీళ్ళ సీసా మూత తిప్పుతున్నాను.

"ఆడి పొటో వచ్చినాదన్నావు. గేరేజీ ముందు నిలుసున్నాడన్నావు. ఏదీ, సూపించు. ఇప్పుడు నాకు కళ్లున్నాయి."

ఫొటో ఉండేది. మింగళాడోన్ వెళ్ళేముందు మా ఊళ్ళో అందరం చేసే పనే నేనూ చేశాను. ఫోన్లో ఉన్నవన్నీ తుడిచేశాను. గేటు దగ్గర ఫోను తీసి చూస్తారు. సరిహద్దు అవతలి కుర్రాడి బొమ్మ దొరికితే మన ప్రయాణం ఇంకో వైపుకి మళ్ళుతుంది. ఆ మాటే చెప్పాను.

"నిజమే సెప్పు. నానేటీ అననురా."

"వైజాగ్ వచ్చాక ఒక్క జవాబూ రాలేదత్తా. బాగున్నాడనీ, తిన్నాడనీ నేనే చెప్పాను. ముందువి మాత్రం వాడు రాసినవే. ఫొటో కూడా నిజమే."

అత్త కిటికీ వైపు తిరిగిపోయింది. నాకు మాట్లాడని అత్తతో ప్రయాణం చెయ్యడం తెలీదు. పక్క వరస వైపు చూశాను, సాయం చెయ్యడానికి మా ఖిన్ కూడా లేదు. అక్కడ కూర్చున్నది ఒక సాఫ్టువేరు కుర్రాడు, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. చివరికి అత్త తెర వైపు తిరిగి సినిమా మళ్ళీ నడిపించింది.

"సూద్దాం. ఎవల్రా మిగిలినోల్లు?"

చెవిలో చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టింది. మొత్తం తనే చూసింది. ఇంకో ఇద్దరు పోయారు. పిల్ల టోపీతో సహా గట్టెక్కింది. విమానం దిగేవరకూ నేను జోకులు బ్యాగులో పెట్టేసుకున్నాను.

సాయంత్రం ఆరు దాటాక సింగపూర్‌లో దిగాం. అక్కడ ఎయిర్‌పోర్టులో ఇంటర్నెట్ ఊరికే ఇస్తారు, మా ఊళ్ళోలా ఏదీ మూసెయ్యకుండా. మంచినీళ్ళ కుళాయి దగ్గర కార్పెట్ మీద అత్తని కూర్చోబెట్టి ఫోను తెరిచాను. శంకరు పాత నంబరుకి కొట్టాను. మోగలేదు. అత్త నా మొహం కాదు, ఫోన్ తెర చూస్తోంది. మళ్ళీ కొట్టాను. మోగలేదు. మూడోసారి కొట్టబోతుంటే మేం గాల్లో ఉండగా వచ్చిన కబుర్లేవో ఒకదాని వెనక ఒకటి టంగు టంగుమని పడ్డాయి. కొత్త నంబరు. "బాబాయ్, నేనే. ఈ నంబరుకి చెయ్యి."

నేను రెండుసార్లు తప్పు చోట నొక్కాను. అత్త, "ఇలా ఇయ్యి" అని లాక్కుని తనే నొక్కింది. వీడియో. తెర మీద ముందొక రేకుల కప్పు, తర్వాత గడ్డం, తర్వాత గడ్డం వెనక శంకరు.

"అమ్మమ్మా!"

అత్త ఏడవలేదు. కళ్ళద్దాలు సర్దుకుంది.

"తల తిప్పు."

"ఏటి?"

"తల ఇటు తిప్పు. సెవి సూపించు. కాదు, రెండోది."

వాడు తిప్పాడు. చిన్నప్పుడు ఇనప మంచం తగిలి చీలిన చెవి. అత్త దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఏటి అమ్మమ్మా ఈ పరీచ్చ?"

"నీ బాబాయి సంగతి నీకు తెల్దు. ఎవడో ఒకడికి గడ్డం పెట్టి మాట్లాడించగల్డు."

శంకరు నవ్వుతుంటే నా వంతుకి నేను ఫోన్లోకి దూరి తిట్టాను. ఇన్నాళ్ళు ఏమయ్యావురా అంటే, వాళ్ళ గదిలోకి వాగు నీళ్ళొచ్చేశాయట. మంచాలు తేలాయట. కొత్త ఫోనూ, నంబరూ దొరికేసరికి ఇంతకాలమైందట.

అత్త మధ్యలో ఆపింది. "ఆగు. వరదలో ఎంతమంది పోనారు?"

"ఎవలూ పోలేదమ్మమ్మా. నా ఫోను పోయింది. ఓనరు కోడి పోయింది."

అత్త నా వైపు అనుమానంగా చూసింది. నేను రెండు చేతులూ ఎత్తేశాను. "వాడే చెబుతున్నాడు అత్తా, నాకేం సంబంధం లేదు."

"కోడి పోనాదంటే నిజమే అయుంటాది," అని తేల్చి, తర్వాత అరగంట వాణ్ణి గడ్డం తీసెయ్యమనీ, బనీను మార్చమనీ, వెనకున్న ఆ పిల్ల ఎవరనీ పీడించింది. వెనకున్న పిల్ల ఎవరో వాడు చెప్పలేదు. నేను తెర మీది వాడి మొహాన్ని ఒక ఫొటో తీసిపెట్టాను. ఆ తర్వాత మేమిద్దరం ఫుడ్ కోర్టులో నూడిల్స్ తిన్నాం. అత్త రెండు గిన్నెలు తింది.

మర్నాడు పొద్దున్న రంగూన్ విమానంలో నేను ప్రయాసపడి కళ్ళు తెరిచేసరికి అత్త అప్పుడే ఒక సినిమాలో సగం దాటేసింది. భూకంపం, కూలిన హోటలు, దొంగ నగల వ్యాపారి. పక్కన కూర్చున్న బర్మీస్ ముసలాయన తన తెర మానేసి ఆవిడది చూస్తున్నాడు. ఆవిడ ఆయనకి బర్మీస్‌లో చెబుతోంది. చెప్పడంలో నాకన్నా వేగం. చంపడంలో ఏ మొహమాటమూ లేదు. "ఆ సూట్ వాడు? పోయాడు. లిఫ్టులో వాళ్ళు? అందరూ పోయారు. కుక్క? కుక్క ఉంది, ఉండండి." ముసలాయన నోరు తెరుచుకుని వింటున్నాడు. రోజూ సాయంత్రం మా మెట్ల మీద నా గతి ఏమిటో నాకు అక్కడే అర్థమైపోయింది.

ఎవరైనా పెద్దవాళ్ళని ఈ దారిన వైజాగ్ తీసుకెళ్ళదలుచుకుంటే నేను చెప్పేది ఇంతే. సింగపూర్‌లో కాళ్ళు చాపుకోవడానికి కార్పెట్ మెత్తగా ఉంటుంది. హైదరాబాదు రైల్లో కిటికీ సీటు అడగండి. కంటి పొర తీయించే పని వాయిదా వెయ్యకండి. ఆ తర్వాత మీ మాట చెల్లదు, దానికి సిద్ధపడండి. చూడగలిగినవాళ్ళతో ప్రయాణం కొంచెం కష్టమే గానీ, బరువు మాత్రం తక్కువ.

చక్రాలు దిగిన చప్పుడైంది. కింద ఇరావతి పాయలూ, ఎండలో మెరిసే రేకుల ఇళ్ళూ. మింగళాడోన్‌లో మళ్ళీ ఫోను చూస్తారు. నేను శంకరు ఫొటో తెరిచి అత్త చేతిలో పెట్టాను. గడ్డం, చీలిన చెవి, వెనక ఎవరో పిల్ల భుజం.

"ఇది తుడిచెయ్యాలి అత్తా. ఉంచుకోలేం."

ఆవిడ ఒక్క క్షణం చూసి ఫోను నాకిచ్చేసింది.

"తుడిసీ. సూసీసినాను కదా," అని కళ్ళద్దాలు తీసి, చీర చెంగుతో తుడుచుకుని, విమానం ఆగగానే దిగేవాళ్ళ వరసలో అందరికన్నా ముందుకెళ్ళి నిలబడింది.